సత్తియ్య బాబాయి ఆదివారం చీటీలు

నాకు కోపం ఎక్కువ. కొత్తపేటలో మా ల్యాబ్‌కి వచ్చేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. పరగడుపున రమ్మంటే కాఫీ తాగి వచ్చినవాళ్ళని వెనక్కి పంపేస్తాను. సూది చూసి చెయ్యి లాక్కునే మగవాళ్ళని నలుగురిలో దులిపేస్తాను. అలాంటి నాచేత రెండేళ్ళపాటు ఒక్క మాట కూడా పడని మనిషి సత్తియ్య బాబాయి. నెలకో ఆదివారం, పొద్దున్న ఆరున్నరకి నేను షట్టరు తీసేసరికి అరుగు మీద ఉండేవారు. స్నానం చేసి, నుదుట నామం పెట్టుకుని, మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టకుండా వచ్చేవారు. చెయ్యి చాచి, మొహం తిప్పుకోకుండా సూది వైపే చూసేవారు. ఇలాంటివాళ్ళు పదిమంది ఉంటే చాలు అనుకునేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

బాబాయిది దింపు పని, అంటే కొబ్బరిచెట్టెక్కి కాయలు దించడం. వయసు యాభై నాలుగు. అందులో ముప్పై ఏళ్ళకి పైగా చెట్లమీదే గడిచింది. రెండు పాదాలకీ కలిపి ఒక తాడు బంధం, నడుముకి వెనక కత్తి, అంతే ఆయన సరంజామా. నేను మా మేడమెట్లు ఎక్కి ఆయాసపడేలోపు ఆయన యాభై అడుగుల చెట్టెక్కి గెల మీద చెయ్యేసేవారు. పాదాలు వెడల్పయిపోయి ఏ చెప్పూ పట్టేది కాదు. చెప్పుల అవసరం తనకేముంది, నేలమీద ఉండేదెంతసేపని నవ్వేవారు.

నాలుగేళ్ళ కిందట కంటి క్యాంపులో ఆయనకి షుగరుందని చెప్పారు. రెండేళ్ళ కిందట పక్క ఊళ్ళో ఒక దింపు మనిషి చెట్టుమీద కళ్ళు తిరిగి పడిపోయాడు. అతనికి షుగరుందని తర్వాత తెలిసింది. అప్పట్నుంచీ తోటలవాళ్ళకి భయం పట్టుకుంది. ఏమైనా అయితే మాట పడాల్సి వస్తుందని, చెట్టెక్కించే ముందు ‘షుగరు చీటీ ఏదీ సత్తియ్యా’ అని అడగడం మొదలుపెట్టారు. ఆ చీటీ రాసేది నేను. నూట నాలుగు. తొంభై ఎనిమిది. నూట పది. ‘బాగుంది బాబాయ్’ అని సంతకం చేసి ఇచ్చేదాన్ని. దాన్ని నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి, చొక్కా జేబులో దాచుకునేవారు. మా పెసన్నమ్మ దగ్గర అబద్ధం ఉండదని నా గురించి టీకొట్టు దగ్గర చెప్పేవారట. ఎప్పుడూ ఆదివారమే ఎందుకు వస్తున్నారని నేను ఒక్కసారీ అడగలేదు. ఆదివారం దింపు ఉండదు కాబోలు అనుకున్నాను.

ఈ ఏడాది శివరాత్రి వెళ్ళాక ఒక సోమవారం ఆయన భార్య చిట్టెమ్మ పిన్ని ఒక్కర్తీ వచ్చింది. జనం తగ్గేదాకా బల్లమీద కూర్చుని, అప్పుడు లేచి దగ్గరికొచ్చింది.

“మీ బాబాయి నడవలేకపోతున్నారమ్మా.”

“నొప్పెక్కడ?”

“కుడి పిక్కలో. మొన్న వాడపల్లిలో మూడో ప్రదక్షిణకి పట్టేసి కూలబడిపోయేరు. కాసేపు కూర్చుంటే ఏమీ లేనట్టు లేచేరు. మళ్ళీ ఒక చుట్టు తిరిగేసరికి అదే వరస.”

“చెట్టుమీదో?”

పిన్ని కొంగు సర్దుకుంది. “చెట్టుమీదా అంతేనమ్మా. సగంలో ఆగిపోతన్నారు. అడిగితే బంధం బిగుసుకుందంటారు. బొటనవేలికి తాడు ఒరుసుకుని పుండు పడింది. నలభై రోజులైంది. పసుపూ కొబ్బరినూనే రాస్తన్నాను. నొప్పి లేదు కాబట్టి తగ్గినట్టే అంటారు.”

నలభై రోజులు పుండు పెట్టుకుని చూస్తూ కూర్చున్నారా అని నేను గయ్‌మన్నాను. పిన్ని అంతా విని, నా కోపం అయిపోయాక నెమ్మదిగా అడిగింది.

“ఆదివారం చీటీలో నువ్వు బాగుందనే రాస్తన్నావు కదమ్మా. షుగరు బాగుంటే పుండెందుకు మానదు?”

వాడపల్లి సంగతి అడిగాను. ఏడు శనివారాలు వెంకన్న గుడికి వెళ్ళి ప్రదక్షిణలు చేస్తే అనుకున్నది అవుతుందని మా వైపు నమ్మకం. షుగరుందని తెలిశాక, తోటలవాళ్ళు చీటీ అడగడం మొదలయ్యాక, బాబాయి ఆ మొక్కు మొక్కుకున్నారట. ఏడో శనివారం తిరిగొచ్చి మర్నాడు నా దగ్గర రక్తమిస్తే నంబరు దిగింది. వెంకన్నే దించాడన్నారు. ఏడు అయ్యాక మళ్ళీ ఏడు, అవి అయ్యాక మళ్ళీ ఏడు. రెండేళ్ళుగా అదే.

“శుక్రవారం నుంచే నియమంగా ఉంటారమ్మా. నీసు ముట్టరు, చుట్ట కాల్చరు, కల్లు తాగరు. శనివారం మజ్జిగ మీదే ఉంటారు. ఆ రెండు రోజులూ మాత్రలు కూడా తప్పకుండా వేసుకుంటారు.”

“ఆ రెండు రోజులూ ఏంటి? మిగతా రోజులో?”

“ఒళ్ళు శుద్ధిగా ఉన్నప్పుడు వేసుకున్న మందే పట్టుద్దంట. మిగతా రోజులు వేసుకోడం దండగంటారు.”

పరగడుపు పరీక్ష ఆ పూట సంగతే చెబుతుంది. రెండు రోజులు మాత్రలు, ఒక రోజు పస్తు, ఆ మర్నాడు నా దగ్గరికి. నేను చూసినవన్నీ ఆయన ఆదివారాలే. సోమవారం నుంచి గురువారం దాకా ఆ రక్తం ఎలా ఉందో ఎవ్వరూ చూడలేదు. దానికి మూడు నెలల పరీక్ష ఒకటుంది. రక్తానికి ఎరుపునిచ్చే పదార్థాన్ని చక్కెర అంటుకుంటుంది. అంటుకున్నది ఆ రక్తకణం చచ్చేదాకా, మూడు నెలలపాటు, వదలదు. ఒక్క శనివారం పస్తుకి అది పోదు. ఆ పరీక్ష చేద్దామని రెండేళ్ళలో ఒకే ఒక్కసారి అన్నాను. ‘చీటీ బాగానే ఉంటంది కదమ్మా’ అన్నారాయన. సరే అని ఊరుకున్నాను. ఊరందరినీ దులిపే నేను ఆ ఒక్క మనిషి దగ్గర మెత్తబడ్డాను. ఎందుకంటే ఆయన నన్ను పదిమందిలో మెచ్చుకునేవారు.

గురువారం నాడు తినేసి రమ్మని కబురు పెట్టాను. తాతబ్బాయి గారి తోటలో దింపుంది, రావడం కుదరదని తిరుగు కబురొచ్చింది. సామాను సంచీలో వేసుకుని, స్కూటీ మీద నేనే తోటకి వెళ్ళాను. పదిగంటలైంది. తాతబ్బాయి గారు కుర్చీ వేయించుకుని కాయలు లెక్క చూసుకుంటున్నారు. పిన్ని రాలిన కాయలు పోగేస్తోంది. బాబాయి చెట్టుమీద ఉన్నారు. చెట్టు మొదట్లోనో చివరనో కాదు, సరిగ్గా మధ్యలో, బోదెని రెండు చేతులా కావలించుకుని కదలకుండా ఉన్నారు.

నేను నోరు తెరిచేలోపు పిన్ని వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

“పిలవకమ్మా. పిలిస్తే కిందికి చూస్తారు.”

నేను పైకి చూశాను. ముప్పై అడుగుల ఎత్తు ఉంటుంది. రెండు పాదాలూ ఒకే బంధంలో ఉంటాయి కదా, ఒకటి చచ్చుబడితే రెండోది ఒక్కటీ ఏమీ చెయ్యలేదు. కుడి కాలు మోకాలి దాకా వణుకుతోంది. మడమ పట్టు మీంచి కొంచెం కొంచెంగా జారుతోంది. కింద ఇటుకల గట్టు ఉంది. ఆ గట్టు అక్కడ ఎందుకు కట్టారా అని నాకు తాతబ్బాయి గారి మీద పిచ్చికోపం వచ్చింది.

“ఏరా సత్తియ్యా, ఏమైందిరా?” అన్నారు తాతబ్బాయి గారు, కుర్చీలోంచే.

“ఏం లేదండీ, కత్తి సర్దుకుంటన్నానండి.”

గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం కత్తి దగ్గర లేదు. బోదెని వదిలితే కదా కత్తి సర్దేది. నేను వాచీ చూసుకున్నాను. ఒక నిమిషం. రెండు. పిన్ని పెదాలు కదులుతున్నాయి, మాట పైకి రావడం లేదు. మూడు. పడితే ఏ వైపు పడతారు, నేను ఎటు పరిగెత్తాలి అని లెక్కలు వేసుకుంటున్నాను. నాలుగో నిమిషానికి ఆ కాలి వణుకు ఆగింది. దిగుతారనుకుని ఊపిరి వదిలాను.

ఆయన పైకి ఎక్కారు. తాతబ్బాయి గారు చూస్తున్నారు కదా, దిగడానికి మనసొప్పలేదు. పైకి వెళ్ళి రెండు గెలలు నరికి, ఎండుమట్టలు కూడా లాగి పడేసి, అప్పుడు దిగారు. నేలమీద కాలు పెట్టాక ఆ మనిషిని చెంపదెబ్బ కొట్టాలనిపించింది నాకు. మరుక్షణం ఏడుపొచ్చింది.

చెట్టు కిందే వేలు గుచ్చి మిషన్‌లో చూశాను. మూడువందల నలభై ఆరు. ఆయన ఆ అంకె చూసి ఏమీ కంగారుపడలేదు.

“ఇయ్యాల గురువారం కదమ్మా,” అన్నారు, నాకు తెలియనట్టు.

మూడు నెలల పరీక్షకి ఇంకో గొట్టం నిండా రక్తం తీశాను. కుడి పాదం ముట్టుకుంటే చల్లగా ఉంది. ఎడమది వెచ్చగానే ఉంది. ఎండలో పనిచేసిన మనిషి ఒక పాదం అలా చల్లగా ఎందుకుంటుంది? నాకు అక్కడే భయం పట్టుకుంది.

మర్నాడు ఫలితం వచ్చింది. పది పాయింట్ నాలుగు. షుగరు ఉన్నవాళ్ళకి సాధారణంగా ఏడు లోపు ఉండాలంటారు. మధ్యాహ్నం ఇద్దరినీ డాక్టరు శివప్రసాద్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కాగితం చూసి, ముందు పాదాలు చూపించమన్నారు. పాదం పైన రెండు వేళ్ళు ఆనించి నాడి వెతికారు. ఎడమ కాలికి వెంటనే దొరికింది. కుడికాలి మీద వేళ్ళు అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు ఉండిపోయారు. తర్వాత బీపీ పట్టీని చేతికి కట్టి చూశారు, చీలమండకి కట్టి చూశారు.

“చేతి దగ్గర నూట నలభై. ఈ కాలి దగ్గర అరవై. రక్తం కిందికి అందడం లేదు సత్తియ్యా.”

“బంధం వల్లనండీ. కూర్చుంటే తగ్గిపోతంది.”

“కూర్చుంటే కాలికి తక్కువ రక్తం సరిపోతుంది, అందుకని. ఎక్కేటప్పుడు ఎక్కువ కావాలి, అది రావడం లేదు, పిక్క పట్టేస్తోంది. పంటకాలువకి పూడిక తియ్యకపోతే శివారు చేలకి నీళ్ళందుతాయా? చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువుంటే రక్తనాళం లోపలి గోడ దెబ్బతింటుంది. అక్కడ కొవ్వు పేరుకుంటుంది. చుట్ట కూడా దానికి తోడు. నీ కాలి వేలు శివారు చేను. అందుకే ఆ పుండు మానడం లేదు. ఇది కాలితో ఆగేది కూడా కాదు, గుండెకి వెళ్ళే నాళాలు కూడా ఇలాంటివే.”

బాబాయి వింటున్నారు. పిన్ని ఆయన పాదం వైపే చూస్తోంది.

“పుండు అంచు నల్లబడుతోంది. రేపు పొద్దున్నే కాకినాడ వెళ్ళాలి, నేను ఫోన్ చేసి చెప్తాను. నాళం తెరవగలిగితే కాలు నిలుస్తుంది. ఇంకో వారం ఆగితే నేను చెప్పలేను.”

“రేపు శనివారమండి. ఈ వరసలో ఏడోది.”

“కాలు పోయాక ఏ వారమైతే ఏంటయ్యా?”

“ఆయ్,” అన్నారు బాబాయి, మర్యాదగా లేచి నిలబడి. ఆ ‘ఆయ్’ నాకు తెలుసు. పెద్దవాళ్ళ మాట కాదనలేక అనేది, చెయ్యడానికి కాదు.

శనివారం తెల్లవారుతూనే కారు మాట్లాడుకుని కాలువ గట్టున వాళ్ళింటికి వెళ్ళాను. నేననుకున్నట్టే ఆయన స్నానం చేసి, తడి పంచెతో, నామం పెట్టుకుని తయారుగా ఉన్నారు. పిన్ని కాకినాడకి సర్దిన సంచీ పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“మీ బదులు నేను ప్రదక్షిణలు చేసొస్తానన్నా ఈయన వినడం లేదమ్మా.”

“మొక్కుకున్న కాలే తిరగాలి,” అన్నారాయన.

పుండు చూశాను. నిన్న అంచు మాత్రమే నల్లగా ఉంది. ఇవాళ వేలి గోటి దాకా పాకింది. ఉత్త కాళ్ళతో ఆ రాళ్ళ మీద తిరిగితే ఏమవుతుందో నేను చెప్పాను. వినలేదు. అరిచాను. పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూశారు. బాబాయి నా అరుపులకి ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి, ప్లాస్టిక్ కవరు తెచ్చి, అందులో చీటీలన్నీ మంచం మీద ఒక్కొక్కటే పరిచారు. ఇరవై పైనే ఉన్నాయి.

“ఇవి అబద్ధమామ్మా? అన్నింటిమీదా సంతకం నీదే కదా. ఆయన దించకపోతే ఈ నంబర్లు ఎలాగొచ్చేయి?”

ఇంకెవరైనా అయితే నా జవాబు నాలుక చివరే ఉండేది. నంబరు సరైనదే, మందు ఎగ్గొట్టింది మీరు, నా ల్యాబ్‌ది ఏ తప్పూ లేదు. అది నిజం కూడా. ఆ మాట అంటే నాకు ఏ మచ్చా ఉండదు. పక్కింటివాళ్ళు వింటున్నారు, రేపటికి కొత్తపేట అంతా తెలుస్తుంది. కానీ ఆ వేలు నా కళ్ళెదుట ఉంది.

“నంబర్లు అబద్ధం కాదు బాబాయ్. అవి ఒక్క ఆదివారం సంగతే చెబుతాయి. మిగతా వారం ఎలా ఉందని అడగడం నా పని. నేనడగలేదు. మీరు నేను చెప్పినట్టు పరగడుపున వచ్చేవారు, నన్ను నలుగురిలో మెచ్చుకునేవారు, నాకు ముచ్చటేసి బాగుందని రాసేశాను. మందూ పస్తూ కలిసి దించిన నంబర్లండి ఇవి. తప్పు నాది. నా తప్పుకి మీ కాలు పోతోంది. నన్ను ఈ పాపంలోంచి బయటపడేయండి బాబాయ్.”

నా గొంతు నాకే కొత్తగా ఉంది. తప్పు నాదని పుట్టాక ఎవరితోనూ అనలేదు నేను.

ఆయన చీటీలు మళ్ళీ ఒక్కొక్కటే తీసి కవర్లో పెట్టారు. తర్వాత మంచం అంచున కూర్చుని నా వైపు చూశారు.

“మరి నేను రెండేళ్ళు తిరిగింది దేనికమ్మా?”

దీనికి జవాబు ఏ పరీక్షలో దొరుకుతుంది? గుమ్మంలోంచి పిన్ని చెప్పింది.

“ఆ కాలితో ఎక్కి కూడా పడిపోకుండా దిగేరు కదా, దానికి. ఇక లెగండి.”

ఆయన లేచి కారెక్కారు. రావులపాలెంలో వాడపల్లి వెళ్ళే జనం రోడ్డు నిండా ఉన్నారు. కారు అద్దం దించి, అటువైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నారు. వంతెన దాటి, రామచంద్రపురం దాటి కాకినాడ చేరాం. ఆస్పత్రిలో చూడగానే లోపలికి తీసుకెళ్ళారు. ఆ రోజూ మర్నాడూ పరీక్షలు అయ్యాయి. సోమవారం పొద్దున్న తొడ దగ్గర్నుంచి సన్నటి తీగ పంపి, నాళంలో పూడుకున్నచోట బెలూన్‌తో తెరుస్తామన్నారు. తీగ దాటకపోతే మాత్రం మోకాలి కింద దాకా తీసెయ్యాల్సి రావచ్చని కాగితం మీద పిన్ని చేత వేలిముద్ర వేయించుకున్నారు. గంటన్నర అన్నది మూడు గంటలైంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా పిన్ని లేచి నిలబడింది, మూసుకున్నప్పుడల్లా కూర్చుంది. నేను ల్యాబ్‌కి ఫోన్ చేసి, షుగరు ఉన్నవాళ్ళెవరొచ్చినా వారమంతా మందు ఎలా వేసుకుంటున్నారో అడగకుండా చీటీ ఇవ్వొద్దని మా టెక్నీషియన్ మీద కేకలేశాను. ఆ అమ్మాయి చేసిన తప్పేమీ లేదు.

చివరికి డాక్టరు బయటికొచ్చారు. కుర్రవాడే. తీగ దాటిందని, రక్తం పాదం దాకా వచ్చిందని చెప్పారు. బొటనవేలు తీసేశామన్నారు. సాయంత్రం వార్డులోకి వచ్చి బాబాయికే సూటిగా చెప్పారు. మాత్రలు ఇక రోజూ. చుట్ట బంద్. మూడు నెలలకోసారి ఆ పరీక్ష. చెట్టు మాత్రం ఇక ఎక్కకూడదు.

“ఎన్నాళ్ళండీ?” అన్నారు బాబాయి.

“ఇక ఎప్పటికీ.”

బాబాయి గోడవైపు తిరిగి పడుకున్నారు. భుజాలు కదిలాయి. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. పిన్ని నన్ను చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కుపోయింది. అక్కడ గోడకి ఆనుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను.

“ముప్పై ఒక్కేళ్ళమ్మా,” అంది. “పొద్దున్న ఆయన బంధం భుజానేసుకుని వెళ్తే, తిరిగి నేలమీద చూసేదాకా నాకు ముద్ద దిగేది కాదు. పిల్లలకి పెట్టి ఊరుకునేదాన్ని. ఆయనకి చెప్పలేదు, చెప్తే చెట్టుమీద నేనే గుర్తొస్తానని. ఇప్పుడు ఆయన లోపల ఏడుస్తన్నారు, నాకేమో గుండెలమీంచి ఏదో దింపినట్టుంది. నేనిలా అనుకోవడం పాపమామ్మా?”

పాపం కాదని చెప్పాను. కింద క్యాంటీన్‌కి తీసుకెళ్ళాను. నాలుగు ఇడ్లీలు తిని, నా వైపు కొంచెం సిగ్గుపడుతూ చూసి, ఇంకో రెండు చెప్పమంది.